మూడో నంబరు దుఃఖం

మా బాపు దగ్గర అయిదు దుఃఖాలుండేవి. వేళాకోళం కాదు, నిజంగానే వాటికి నంబర్లుండేవి. ఒకటోది విధవరాళ్ల పెన్షనుకి. రెండోది బదిలీ ఆపమని కాళ్లావేళ్లా పడే బంట్రోతులకి. మూడోది రైతులకి, నాలుగోది ఇళ్ల జాగాలకి. ఈ నాలుగింటిలో ఎక్కడా ఇమడని వాళ్లకి అయిదోది.

నాంపల్లిలో సర్కారు ఆఫీసుల గోడవారన, రేకుల పందిరి కింద చిన్న బల్ల వేసుకుని కూర్చునేవాడాయన. అర్జీల వామన్‌రావు పంతులంటే ఆ గేటు దగ్గర తెలియనివాళ్లు లేరు. నిజాం కాలంలో ఆయన ఉర్దూలో అర్జీ రాస్తే చదివిన సర్కారు అమీను కళ్లు తుడుచుకునేవాడని చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, ఎక్కువగా ఆయనే చెప్పుకునేవాడు. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చేసరికి పాపం ఆయన చెయ్యి ఆగిపోయింది. అప్పటికి నేను ఆబిడ్స్‌లో టైపు నేర్చుకుని, పెద్ద పోస్టాఫీసు ఎదుటి సందులో ఒక టైపింగు దుకాణంలో కుదిరాను. అలా మా ఇద్దరికీ ఒక ఏర్పాటు కుదిరింది. వచ్చిన మనిషి పేరు, ఊరు, అడిగేదేమిటో చీటీ మీద రాసి, కింద దుఃఖం నంబరు వేసి ఆయన నా దగ్గరికి పంపేవాడు. నేను ఇంగ్లీషులో టైపు కొట్టి, వేలిముద్ర వేయించి, అర్జీ చేతిలో పెట్టేదాన్ని. అయిదు దుఃఖాల పాఠమూ నాకు కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని కొట్టగలిగేదాన్ని.

డెబ్బై మూడో సంవత్సరం ఎండాకాలం సంగతి ఇది. అంతకు ముందటి ఏడాది వానల్లేవు. చలికాలమంతా ముల్కీ గొడవలతో ఆఫీసులు సగం మూతబడే ఉన్నాయి. ఉగాది వెళ్లేసరికి అర్జీలు పెట్టుకునేవాళ్లు గేటు ముందు బారులు తీరారు. రోజుకి ముప్పై చీటీలు వచ్చేవి నాకు, అందులో ఇరవై మూడో నంబరువే.

మొగులయ్య అలాంటి ఒక చీటీ పట్టుకుని వచ్చాడు. దేవరకొండ దిక్కు మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. దుకాణం మెట్టు మీద చెప్పులు విప్పి, లోపలికి రావచ్చా అన్నట్టు నిలబడ్డాడు. చీటీలో ‘బావి సబ్సిడీ, రెండో సగం’ అని ఉంది, కింద మూడు వేసి ఉంది. కొత్తగా బావి తవ్వుకునే చిన్న రైతుకి సర్కారు సాయం అది. సగం తవ్వకం మొదలుపెట్టినప్పుడు ఇస్తారు, సగం నీళ్లు పడ్డాక.

"నీళ్లు పడ్డయ్ బిడ్డా," అన్నాడు నేను కార్బన్ కాగితం సర్దుతుండగానే. "పదకొండు గజాలకు పడ్డయ్. మా లక్ష్మీనర్సమ్మ దోసిలి పట్టి తాగి ఏడ్సింది."

"ఔనా," అన్నాను.

"ఇగ రాతికట్టు కట్టాలె. మట్టి బావి గద, మృగశిరకు వాన పడితె నాలుగు దిక్కులు కూలి పూడిపోతది. రాళ్లు తోలిపెట్టిన. వడ్డెరోళ్లు పైసలిస్తెనే దిగుతమంటున్రు. గందుకే గా రెండో సగం జర జల్ది కావాలె."

"ఔ, ఔ," అన్నాను.

ఆయన మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఇది మాత్రం ఇవాళ్టికీ నాకు అర్థం కాదు. విన్నాను, తలూపాను, నా వేళ్లు మాత్రం మూడో నంబరు కొట్టుకుంటూ పోయాయి. అయ్యా, నా బావిలో చుక్క నీరు లేదు, ఎడ్లు చచ్చిపోయాయి, పసిపిల్లలు పస్తులున్నారు, తల్లీ తండ్రీ తమరే. ఆయన నీళ్ల తీపి గురించి చెబుతుంటే నేను ఆయన చేత వేలిముద్ర వేయించాను. దండం పెట్టి వెళ్లిపోయాడు.

నెల దాటింది. మే నెలలో ఒక మధ్యాహ్నం, తారు రోడ్డు కాలుతున్న వేళ, మొగులయ్య మళ్లీ ఆ మెట్టు మీద నిలబడ్డాడు. చేతిలో సర్కారు కవరు.

"మా ఊళ్ల ఇంగిలీసు సదివెటోళ్లు లేరు బిడ్డా. సాంక్షనే అయ్యుంటదన్నడు మా పటేలు."

విప్పి చదివాను. మీ అర్జీలో మీరే బావి ఎండిపోయిందని రాసుకున్నారు కనుక రెండో సగం ఇచ్చే వీలు లేదు, తీసుకున్న మొదటి సగం కూడా తిరిగి కట్టాలి. అదీ సారాంశం. రెండుసార్లు చదివాను.

"బావి ఎండిందంట," అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

"బావి ఎండిందా?" మొగులయ్య నా మొహంలోకి చూశాడు. "ఎప్పుడు?"

"కాగితంల ఉంది."

"సర్కారు కాగితంలనా?"

"ఔ."

"నిన్న పొద్దుగాల సూస్తె మోకాలు దాక ఉండె. ఎండలు గట్లనే ఉన్నయ్. రాత్రికి రాత్రి ఏమన్న అయ్యిందో ఏమో." కవరు మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. "నేను పొయ్యి జర సూసొస్త బిడ్డా."

ఆ క్షణాన ఆగమని అనొచ్చు. ఆ ఎండిన బావి నీ ఊళ్లో లేదయ్యా, ఇదిగో ఈ మిషన్లో ఉందని చెప్పొచ్చు. చెప్పలేదు. తన బావిలో నీళ్లున్నాయో లేదో చూసుకోవడానికి ఆ మనిషి గౌలిగూడ బస్సులకేసి ఎండలో పరుగు లాంటి నడకతో పోయాడు. ఆ సాయంత్రం దాకా ఒక్క కాగితం సరిగ్గా కొట్టలేకపోయాను.

ఇంటికి వెళ్లి బాపుతో చెప్పాను. నాంపల్లి స్టేషను వెనక రెండు గదుల కిరాయి ఇల్లు మాది. అమ్మ జయమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"మొగులయ్య నీకు నీళ్లు పడ్డయని చెప్పలేదా బాపూ?"

"రోజుకు ఎంతమంది చెప్తరు, ఎన్నని యాదుంటయి? బావి అన్నడు, సబ్సిడీ అన్నడు, పైసలు రాలేదన్నడు. మూడు వేసిన."

"నీళ్లు పడితెనే పైసలిస్తరంట. మనం ఎండిందని రాసినం."

బాపు తల నుంచి టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. ముప్పై ఏళ్లుగా ఆయన లోకం ఒక్క తీరున నడిచింది. ఎంత కష్టం చెప్పుకుంటే అంత కరుణ దొరికేది. నీళ్లున్నవాడికి పైసలిచ్చి ఎండినవాడి దగ్గర తిరిగి లాక్కునే సర్కారును ఆయన ఎన్నడూ ఎరగడు.

"నీళ్లున్నోనికి పైసలెందుకు?" అన్నాడు చివరికి.

"కట్టు కట్టుకోనీకి."

"మరి ఎండినోని గతేంది?"

అమ్మ చేట దించి, "నీళ్లున్నయని రాస్తె మీ సొమ్మేం పోతుండె?" అంది.

"జయా, నీకు తెల్వదు," అన్నాడు బాపు. "సర్కారు ముందలికి పొయ్యి మేం మంచిగున్నం అంటరా ఎవలన్న? అది బేఅదబీ, మర్యాద గాదు. నేను రాసేది అబద్ధం కాదు, దస్తూరు, పాత ఆచారం. సలాం కొట్టినట్టు అది. సలాం కొట్టినోన్ని నీ నడుం నిజంగ వంకరనా అని అడుగుతరా?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. మొగులయ్య పరుగు గుర్తొస్తే మళ్లీ కాదనిపించింది. ఆ రెండింటి మధ్య ఎటూ తేల్చుకోలేకపోయాను.

నాలుగో రోజు బాపుకి అన్నం క్యారియర్ పట్టుకుని వెళ్లేసరికి బల్ల ముందు మొగులయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉంది. కొంగు నడుముకి బిగించి, చేతిలో ఒక సీసా పట్టుకుంది. ఆమె లక్ష్మీనర్సమ్మ అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"పంతులూ, సూడు. ఇవి మా బావి నీళ్లు. పొద్దుగాల ముంచుకొచ్చిన. ఎండినయని ఎవలన్నరు?"

బాపు సీసా వంక, నా వంక చూశాడు. ఇంక దాచడం నా వల్ల కాలేదు. నాలుగు రోజులుగా సంచిలో పెట్టుకు తిరుగుతున్న అర్జీ కార్బన్ నకలు తీసి, ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో చదివాను. చుక్క నీరు లేదన్న చోట మొగులయ్య తల పట్టుకున్నాడు. పసిపిల్లలు పస్తులున్నారన్న చోట లక్ష్మీనర్సమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నాకు పిల్లల్లేరు."

నేను కాగితం దించాను.

"ఇరవై ఏండ్లాయె పెండ్లయ్యి. మొక్కని దేవుడు లేడు. కడుపు పండలే. లేని పిల్లల్ని పస్తులెట్ల పెట్టినవ్ బిడ్డా?"

అరిచి ఉంటే బాగుండేది. ఆమె అరవలేదు, తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. బాపు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఎంతసేపు తుడిచాడో తెలియదు.

"అది రాసే పద్ధతమ్మా," అన్నాడు మెల్లిగా.

"ఎవల పద్ధతి?" అంది ఆమె.

ఆ మధ్యాహ్నమే నేను దుకాణానికి వెళ్లి కొత్త అర్జీ కొట్టాను. మూడు వాక్యాలు. నా బావిలో నీళ్లు పడ్డాయి. పదకొండు గజాల లోతున పడ్డాయి. వచ్చి చూడండి. కాగితంలో ముప్పాతిక ఖాళీగా మిగిలిపోయింది. అంత తెల్లగా ఉన్న అర్జీ మీద వేలిముద్ర వేయడానికి మొగులయ్య భయపడ్డాడు. "ఇంకేమన్న రాయి బిడ్డా, గింత పైసలకు గింతేనా?" అన్నాడు. నాకూ అదే అనుమానం, కానీ ఇంకేం రాయాలో తోచలేదు.

ముగ్గురం ఆఫీసుకి వెళ్లాం. ఆ ఫైలు చూసే గుమాస్తా శ్రీరామమూర్తి గారు చెడ్డవాడేం కాదు. స్టూలు వేయించి మరీ కూర్చోబెట్టాడు. సీసా మూత తీసి వాసన చూశాడు.

"కిరసనాయిలు వాసన వస్తోందేమిటమ్మా?"

"సీసాది సారూ అది, నీళ్లది కాదు," అంది లక్ష్మీనర్సమ్మ. "మూడు మాట్ల కడిగిన."

ఆయన నవ్వలేదు. రెండు అర్జీలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "నెల కిందట చుక్క లేదన్నారు. ఇవాళ ఉన్నాయంటున్నారు. రెండింటి మీదా ఈయన వేలిముద్రే ఉంది. నన్ను దేన్ని నమ్మమంటారు చెప్పండి?"

"నన్ను నమ్మున్రి," అన్నాడు మొగులయ్య. తర్వాత తన బొటనవేలు వంక చూసుకున్నాడు.

"ఇన్‌స్పెక్టరును పంపి చూపించండి," అన్నాను.

"రైతే ఎండిందని రాసుకుంటే ఇంక చూసేదేముందని ఆయన అసలు పోలేదు. ఇప్పుడు పంపాలంటే నేను ఫైలు మీద కారణం రాయాలి. ఆ మొదటి అర్జీ రాసిన మనిషెవరో, అది తన మాటే గాని ఈయన మాట కాదని రాసి సంతకం పెడితే, నేనివాళే నోట్ పెడతాను. లేకపోతే జూన్ దాటిపోతుంది." ఆయన అర్జీ అడుగున మేము వేసే బాపు రబ్బరు ముద్ర వంక చూశాడు. "వామన్‌రావు గారు కదూ. ఆలోచించుకోమనండి. ఒక్కదానికి అలా రాసిస్తే, తక్కినవాటి సంగతేమిటని రేపు ఎవరైనా అడుగుతారు."

ఆ సంగతి బాపుకి చెప్పాను. ఆయన మర్నాడు గేటు దగ్గరికి పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. నా బుర్ర పనిచేయడం మానేసింది. ఆయన రాయకపోతే బావి పూడిపోతుంది. రాస్తే ముప్పై ఏళ్లు ఆ బల్ల దగ్గర సంపాదించిన పేరు పోతుంది. అసలు తప్పు ఆయనదా? విని కూడా కొట్టింది నేను కదా. నేనే రాసిస్తే? అడిగాను కూడా.

"బాపూ, టైపు తప్పని నేను రాసిస్త."

"ఒక పేజీ మొత్తం టైపు తప్పా?" అన్నాడు గోడవైపు తిరిగి.

మూడో రోజు పొద్దున నేను బయల్దేరుతుంటే పిలిచి మడిచిన కాగితం ఒకటి ఇచ్చాడు. విప్పితే ఉర్దూ. నాకు ఒక్క అక్షరం రాదు. ఏం రాశావని అడిగితే, "తీస్కపో" అని లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ ఏ దుఃఖమైనా రాసిచ్చాడేమోనని దారిపొడవునా భయపడుతూనే ఉన్నాను.

శ్రీరామమూర్తి గారికీ ఉర్దూ రాదు. ఆఫీసులో ముసలి అటెండరు రాజమల్లు ఉర్దూ బడిలో చదువుకున్నవాడు. ఆయన్ని పిలిచారు. రాజమల్లు కాగితాన్ని కిటికీ వెలుతురులోకి పట్టుకెళ్లి, గొంతు సవరించుకున్నాడు. మూడు రోజులుగా ఆ ఆఫీసు వరండాలోనే ఎదురుచూస్తున్న మొగులయ్య, లక్ష్మీనర్సమ్మ లేచి నిలబడ్డారు.

"మొగులయ్యను నేను ఏం అడగలేదు," అని తెలుగులో చదివాడు రాజమల్లు. "బావి ఎండిందన్నది నా మాట. వామన్‌రావు."

కాగితం తిప్పి వెనక చూశాడు. మళ్లీ ముందు చూశాడు.

"గింతేనా పంతులు రాసింది?" అన్నాడు నాతో, నమ్మలేనట్టు. ఆ చేతి నుంచి రెండు పేజీలకు తక్కువ కాగితం ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఉంచండి," అన్నాడు శ్రీరామమూర్తి గారు. ఫైలు ముందుకు లాక్కుని రాసుకోవడం మొదలుపెట్టాడు.

వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టరు వెళ్లి బావి చూశాడు. రోహిణి కార్తె మొదట్లోనే పైసలందాయి. బాపు మళ్లీ బల్ల దగ్గరికి పోయాడు గాని, మునుపటి గిరాకీ లేదు. గేటు దగ్గర వాళ్లు ‘ఏం పంతులూ, ఇయ్యాల ఎవల బావి ఎండగొట్టినవ్’ అని నవ్వేవారు. ఆయన వినిపించుకోనట్టు పెన్సిలు చెక్కుకునేవాడు. నాకు మాత్రం ఏడుపొచ్చేది. చేసింది మంచో చెడో తేల్చుకోలేకపోయేదాన్ని. దుకాణంలో నాకు చీటీలు రావడం తగ్గింది. కొద్దిరోజులకే నేను కొట్టే మిషన్ను దుకాణం వాళ్ల దగ్గర కిరాయికి తీసుకుని నాంపల్లికే మార్చి, బాపు బల్ల పక్కన స్టూలు వేసుకున్నాను.

మృగశిరకి రెండు రోజుల ముందే వాన పడింది. నాంపల్లిలో రోడ్డంతా నీళ్లు, జనం అరుగులెక్కి నవ్వుతున్నారు. ఆ ఏడు వాన కోసం ఎవరు ఎదురుచూడలేదని? నేనొక్కదాన్నే ఆ వానను చూసి వణికాను.

తర్వాత పదిరోజులకి మొగులయ్య, లక్ష్మీనర్సమ్మ వచ్చారు. ఈసారి చేతిలో సీసా లేదు. బల్ల ముందు కూర్చున్నాక మొగులయ్య చెప్పాడు. పైసలందిన మర్నాడే వడ్డెరవాళ్లు దిగారు. పగలూ రాత్రీ కట్టారు. మూడు దిక్కులు పూర్తయ్యాయి. తూర్పు దిక్కు మొదలుపెట్టబోతుండగా వాన వచ్చింది. ఆ దిక్కు మట్టి రాత్రికి రాత్రి జారి బావిలో పడింది. అది ఎత్తి పోసి కట్టడానికి ఏమన్నా సాయముంటుందేమో అడగాలి.

నేను లెక్క వేసుకున్నాను. మా అర్జీ వల్ల పోయింది నెల పైన. ఆ నెలలో నాలుగో దిక్కు లేచి ఉండేది. ఆ పడిన మట్టి మాదేనని నాకు తెలుసు. బాపుకీ తెలుసు, ఎందుకంటే ఆయన ఎవరి మొహమూ చూడటం లేదు.

"మళ్లా మా దగ్గరికే ఎందుకొచ్చిన్రు?" అని అడిగేశాను.

లక్ష్మీనర్సమ్మ బాపు వైపు చూసింది. "తప్పు చేసి గది నేనే చేసిన అని రాసిచ్చినోడు నాకు ఇంకొకడు కండ్లవడలే," అంది.

నేను మిషన్లో కాగితం ఎక్కించాను. అలవాటు కొద్దీ బాపు వంక చూశాను, నంబరు కోసం. ఆయన పెన్సిలు కింద పెట్టి, బల్ల అవతలికి జరిగి లక్ష్మీనర్సమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పు తల్లీ. ఏం రాయమంటవు?"

ఆయన ఎవరినైనా ఆ మాట అడగగా నేను ఎన్నడూ వినలేదు.

"ఏడుస్తున్నమని రాయకున్రి," అంది ఆమె. "ముందుగాల మూడు దిక్కులు నిలవడ్డయని రాయున్రి. నీళ్లు ఉన్నయని రాయున్రి. కూలింది తర్వాత రాద్దురు."

బాపు నా వైపు తిరిగి తలూపాడు. నా వేళ్లు మిషన్ మీద ఉన్నాయి గాని కదల్లేదు. మూడు దిక్కులు నిలబడ్డాయని మొదలయ్యే అర్జీ వాటికి తెలియదు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని, మొదటిరోజు టైపు నేర్చుకుంటున్నదానిలా కొట్టాను.